అడుగు కనపడని నీళ్ళు

ఇరవై రెండేళ్ళ వయసులో మనిషికి తన మీద తనకుండే నమ్మకం తలుచుకుంటే ఇప్పుడు నాకు ముచ్చటేస్తుంది. ఆ రోజుల్లో నాకు ఈత వచ్చని నేనే కాదు, మల్కాజ్‌గిరిలో మా వీధి వీధంతా నమ్మేది. వారానికి ఆరు రోజులు తడి తువ్వాలు కుక్కిన సంచీ భుజానికి వేసుకుని, క్లోరిన్ వాసన కొడుతూ, జుట్టు చీపురుకట్టలా పెట్టుకుని బస్సు దిగే పిల్లను చూసి నమ్మక ఏం చేస్తారు. మా ఎదురింటావిడ తన మనవరాలికి నన్ను చూపించి "చూడు, అక్క నీళ్ళల్ల చేప లెక్క ఉంటది" అనేది. నేను వినపడనట్టే నడిచేదాన్ని, కాకపోతే కాస్త నెమ్మదిగా నడిచేదాన్ని. (ఇంకేమైనా అంటుందేమోనని.) ఆ చేప పుట్టి బుద్ధెరిగాక తొట్టి దాటి బయటికి రాలేదన్న సంగతి ఆవిడకు తెలియదు. నాకు తెలుసు గానీ, అదొక లోపమని తెలియదు.

నా తొట్టి సికింద్రాబాద్‌లో ఉండేది. అక్కడి స్విమ్మింగ్ పూల్‌లో ఉదయం పదకొండు నుంచి పన్నెండు వరకు లేడీస్ బ్యాచ్. ఆ గంటసేపు గేటుకు అడ్డంగా ఒక ఇనుప కుర్చీ వేసి, రోడ్డు వైపు గోడ మీదుగా ఆకుపచ్చ వల దించేవారు. సిగ్నల్ దగ్గర బస్సు ఆగినప్పుడు కిటికీ సీట్ల వాళ్ళకు మేము కనపడకూడదని ఆ ఏర్పాటు. (మాకు వాళ్ళు కనపడడానికి ఆ వలలో రెండు చిరుగులు ఉండేవి.) నీళ్ళు ఎంత తేటగా ఉండేవంటే అడుగున నీలం పలకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. ప్రతి లైను కిందా ఒక నల్ల గీత. కళ్ళద్దాలు బిగించి, తల నీళ్ళలో పెట్టి, ఆ గీత మీదే చూపు నిలిపి ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పోవడమే నాకు తెలిసిన ఈత. మూడో లైనులో లోతు మొదలయ్యే చోట ఒక పలక మూల విరిగి ఉండేది. అది దాటాక పన్నెండుసార్లు చెయ్యి వేస్తే గోడ వచ్చేస్తుంది. పది అడుగుల లోతు మీద తేలుతున్నాననే ఆలోచనే నాకు ఏనాడూ రాలేదు, అడుగు ఎప్పుడూ నా కళ్ళ ముందే ఉండేది కాబట్టి. మా ఇంటి గచ్చు మీద నడిచినంత ధీమాగా ఈదేదాన్ని.

బ్యాచ్‌లో మిగతా ఆడవాళ్ళ పద్ధతి వేరు. దాన్ని ఈత అనడానికి కూడా నాకు మనసొప్పేది కాదు. ఇద్దరిద్దరు జతగా, మెడలు పైకెత్తి, కాళ్ళూ చేతులూ కప్పల్లా మెల్లగా ఆడిస్తూ, గంటసేపు నోరు మూయకుండా మాట్లాడుకుంటూ పోయేవారు. ఏ కూరలో ఏం వేశారు, ఎవరి కోడలు ఎప్పుడు లేస్తుంది, ఏ షాపులో చీర ఉతికితే రంగు పోయింది, అన్నీ ఆ నీళ్ళలోనే తేలేవి. వాళ్ళలో పెద్ద మాటకారి మౌలాలి చిన్నమ్మ. మౌలాలి రైల్వే క్వార్టర్స్ నుంచి వచ్చేది, యాభైకి ఒకటి రెండు అటూ ఇటూ. నేను మొదటిరోజు ఆంటీ అంటే "ఆంటీ అంటే పరాయోళ్ళను పిలిచినట్టుంటది, చిన్నమ్మ అను" అని అప్పటికప్పుడు చుట్టరికం కలిపేసుకుంది. తలకు ఆముదం పెట్టుకోనిదే ఇల్లు కదలదు. నూనె తలతో నీళ్ళలోకి దిగకూడదని బోర్డు ఉంది కాబట్టి జుట్టంతా చీరల షాపు కవరులో చుట్టి, దాని మీద టోపీ బిగించేది. తల నీళ్ళలో ముంచితే కవరులోకి నీళ్ళు పోతాయని ఎన్నడూ ముంచేది కాదు. ఆమె జత ఆపా, మా అందరికీ అక్కలాంటిది. అల్వాల్‌లో బ్లౌజులు కుట్టే ఆపా తన ఈత బట్టలు తనే కుట్టుకుంది, నుదురు నుంచి మడమల దాకా, జేబుతో సహా. (నీళ్ళలో జేబెందుకని అడిగితే "అలవాటు బేటా, జేబు లేకుంటే కుట్టినట్టే అనిపియ్యది" అంది.) వీళ్ళిద్దరూ కలిసి లైను మొత్తం ఆక్రమించేవారు. వెనక నుంచి తల ముంచుకుని వస్తున్న నేను వాళ్ళ పాదాలకు గుద్దుకుని ఆగి, ముక్కులో నీళ్ళతో "జరుగుతారా" అనేదాన్ని. "జర్గుతం బిడ్డా, జెర ఆగు, ఈ ముచ్చట అయిపోనీ" అనేది చిన్నమ్మ. నాలుగేళ్ళు నేను వాళ్ళ ముచ్చట అయిపోవడం కోసం ఎదురుచూశాను, అది అయిపోలేదు.

అలాంటి రోజుల్లో మా కోచ్, విజిల్ సార్, ఒకరోజు నన్ను పిలిచాడు. మాటలు తక్కువ, విజిల్ ఎక్కువ మనిషి. పొట్టి విజిల్ వేస్తే ఇటు రా అని, పొడుగ్గా వేస్తే బయటికెక్కు అని. ఆ రోజు పొట్టి విజిల్ వేసి, "ఎండకాలం క్యాంప్‌కు పిల్లలకు నేర్పేతందుకు ఒక మేడం కావాలె. మంచిగ నేర్పితే తర్వాత పర్మినెంట్. చేస్తవా?" అన్నాడు. నాకు ఒళ్ళంతా రెక్కలు వచ్చాయి. చేస్తానన్నాను. "ఒక్క రూల్ ఉంది" అన్నాడాయన, టవల్‌తో విజిల్ తుడుచుకుంటూ. "నేర్పేటోళ్ళు ఎవరైన సరే, ఒక్కసారి చెరువుల అయిదు వందల మీటర్లు ఈదాలె, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు. నేను చూసి సంతకం పెట్టాలె. నీకు పూల్ వచ్చు. నీళ్ళు వచ్చునా లేదా చూడాలె." నేను నవ్వాను. రోజుకు వెయ్యి మీటర్లు ఈదేదాన్ని, అందులో సగం ఏ మూలకని.

ఇంట్లో ఈ ఉద్యోగానికి అంత మర్యాద దొరకలేదు. మా నాన్న నింపాదిగా విన్నారు. "ఈత మంచిదే బిడ్డా, వద్దంటలేను. కాని నౌకరి అంటే ఒక కుర్చీ ఉండాలె, మీద ఫ్యాన్ ఉండాలె. తడిబట్టల నౌకరి నేను ఇప్పటిదాక వినలె." నేను బతిమాలాను. అమ్మ నా తరఫున రెండు మాటలు వేసింది. చివరికి ఆయన, "సరే, ఆదివారం ఆ పరీక్ష గెలిస్తే నీ ఇష్టం. లేకుంటే సోమవారం పొద్దుగాల బ్యాంక్ కోచింగ్‌ల చేరుడే, మళ్ళ మాట లేదు" అన్నారు. కోచింగ్ పుస్తకం అప్పటికే కొనేశారు. దానికి పాత క్యాలెండర్ కాగితంతో అట్ట కూడా వేశారు. (మా నాన్న అట్ట వేశారంటే ఆ విషయంలో తీర్మానం ఇంచుమించు అయిపోయినట్టే.) నాకు లెక్కలంటే ఎంత భయమో చెప్పుకుంటే సిగ్గుచేటు. ఒక రైలు ఇటు నుంచి, ఇంకో రైలు అటు నుంచి బయలుదేరితే ఎక్కడ కలుస్తాయో ఇప్పటికీ నాకు తెలియదు. అందుకే ఆదివారం అంటే నాకు మామూలు ఆదివారం కాదు, మిగిలిన జీవితమంతా ఆ ఒడ్డు మీద ఉంది.

పిల్లను ఒక్కదాన్నే చెరువుకు తీసుకుపోవడం బాగుండదని సార్ బ్యాచ్‌లో ఎవరైనా తోడు వస్తారా అని అడిగాడు. ఆడవాళ్ళు ఎనిమిది మంది చేతులెత్తారు. పరీక్ష నాది, పిక్నిక్ వాళ్ళది. ఆపా తమ్ముడి వ్యానులో పులిహోర, సర్వపిండి, ఉడికించిన గుడ్లు, రెండు చాపలు, ఒక పెద్ద ఫ్లాస్కు బయలుదేరాయి. మేడ్చల్ దాటాక ఎడమకు తిరిగి ఇంకాస్త పోతే ఒక పెద్ద చెరువు. (పేరు చెప్పను, నేను అనబోయే మాటలకు ఆ ఊరివాళ్ళు నొచ్చుకుంటారు.) దిగి చూశాను. నీళ్ళు పాలు తక్కువైన చాయ్ రంగులో ఉన్నాయి. ఒడ్డు దగ్గర నాలుగు బర్రెలు మెడల దాకా మునిగి నన్ను చూస్తున్నాయి. అవతలి ఒడ్డున తుమ్మచెట్లు వేలెడంత కనపడుతున్నాయి. అయిదు వందల మీటర్లను ముక్కలు చేసి, మధ్యమధ్య గోడలు పెట్టి ఈదడం నాకు అలవాటు. ఒకేసారి అంతా పరిచి చూపిస్తే ఎంతుంటుందో అప్పుడు చూశాను.

నీళ్ళలో నా పక్కన రావడానికి సార్ అక్కడ చేపలు పట్టే ఒక తాతను మాట్లాడాడు. ఆయన థర్మకోల్ తెప్ప మీద సార్ కూర్చుంటాడు, తాత తెడ్డు వేస్తాడు. మర్యాదకోసం కాసేపు మాట కలిపి, అసలు సంగతికి వచ్చాను. "తాతా, నడుమల ఎంత లోతుంటది?" తాత చెరువు వైపు చూసి ఆలోచించాడు. "నేను దిగినప్పుడు నాకు అడుగు తాకలె బిడ్డా." ఎప్పుడు దిగారని అడిగాను. "దిగలె. పడ్డ" అన్నాడు తాత. ఇక వివరాలు అడగలేదు. సార్ నా నడుముకు ఆరెంజ్ రంగు గాలిబుడ్డ ఒకటి తాడుతో కట్టాడు. అది ఉండగా మనిషి మునగాలన్నా మునగలేదు. భయపడడానికి మాత్రం అది ఏ రకంగానూ అడ్డు కాదని కాసేపట్లోనే తేలింది.

దిగాను. కాలి కింద బురద మెత్తగా జారింది, ఆ తర్వాత బురద కూడా లేదు. కళ్ళద్దాలు సర్దుకుని, అలవాటు ప్రకారం తల నీళ్ళలో పెట్టి గీత కోసం చూశాను. గీత లేదు. పలకలు లేవు. అసలు ఏమీ లేదు, పసుపుపచ్చని మసక తప్ప. ముందుకు చాచిన నా చెయ్యి మోచేతి దాకా కనపడింది, అక్కడి నుంచి మిగతా చెయ్యి ఎవరిదో అన్నట్టు మాయమైపోయింది. ఇంత వయసు వచ్చింది గానీ, నా కింద ఏముందో తెలియకుండా నేను ఎప్పుడూ ఎక్కడా లేను. మంచం కింద ఏముందో తెలుసు, బావిలో ఏముందో పైనుంచి చూస్తే తెలుసు. ఇక్కడ నా పొట్ట కింద ఒక ఊరు మునిగి ఉన్నా తెలియదు. అయినా పళ్ళు బిగించి ముప్పై చేతులు వేశాను, తల ఎత్తి చూస్తే ఒడ్డుకు అడ్డంగా, బర్రెల వైపు పోతున్నాను. అంతలో ఏదో చల్లగా, నింపాదిగా, నా పాదాన్ని ఒకసారి రాసుకుని పోయింది. ఆ తర్వాత నేను చేసిన దానికి ఈతలో ఏ పేరూ లేదు. కళ్ళు తెరిచేసరికి తెప్ప అంచును రెండు చేతులా కావలించుకుని ఉన్నాను. తాత మోకాలిని కూడా పట్టుకున్నానని తర్వాత చెప్పారు.

"ఏందది తాతా, నా కాలికి ఏదో తగిలింది" అన్నాను, తెప్ప వదలకుండానే. "చేపై ఉంటది. లేకుంటే తాబేలు" అన్నాడు తాత తాపీగా. "పామైతే నీకు వేరే తీరుగ తెలుస్తుండె." సార్ పొడుగు విజిల్ వేశాడు. తెప్పను పట్టుకుంటే పరీక్ష పోయినట్టే, అది రూలు. ఒడ్డుకు తీసుకొచ్చి దింపాడు. ఆడవాళ్ళు చాపల మీద నుంచి లేచి నిలబడ్డారు, ఒకావిడ చేతిలో సగం కొరికిన సర్వపిండి అలాగే ఉంది. రోజూ వాళ్ళ పాదాలకు గుద్దుకుని ముఖం చిట్లించే చేపను నేనేనాయె. సార్ దగ్గరికి వచ్చి మెల్లగా, "ఇంకొక్క చాన్స్ ఇస్త. తినకముందే దిగాలె. వద్దనుకుంటే సుత తప్పు లేదు" అన్నాడు. నాకు క్యాలెండర్ కాగితం అట్ట కళ్ళ ముందు కదిలింది. ఒకపక్క ఏడుపు, ఒకపక్క ఆ నీళ్ళు. వద్దని చెప్పడానికే నోరు తెరిచాను, ఒట్టేసి చెబుతున్నాను.

అప్పుడు మౌలాలి చిన్నమ్మ లేచి, తల కవరు బిగించుకుంది. "సారూ, మేము ఇద్దరం పిల్లకు అటొకరు ఇటొకరు ఈదుతం. పట్టుకోం, ముట్టుకోం. రూల్ల ఉందా వద్దని?" సార్ లేదన్నాడు. ఆపా అప్పటికే ఇంకో గాలిబుడ్డ నడుముకు కట్టుకుంటోంది. చిన్నమ్మ నా ముఖం మీది కళ్ళద్దాలు లాగి తన జబ్బ పట్టీలో దోపుకుంది. "కిందికి చూసుడు బంద్. అక్కడ చూసేతందుకు ఏమున్నది? మెడ పైకి పెట్టు, మా లెక్క కాళ్ళు ఆడియ్యి, నా దిక్కు చెవి పెట్టు. నీకొక ముచ్చట చెప్త." ముచ్చట వినే ఓపిక నాకు లేదని చెప్పబోయాను గానీ, అప్పటికే మోకాళ్ళ లోతులో ఉన్నాం.

"మా క్వార్టర్లు సూసినవు కదా" అని షురూ చేసింది చిన్నమ్మ, అడుగు వదిలిన నిమిషం నుంచే. "అన్నీ ఒక్క తీరుగనే ఉంటయ్. అదే పచ్చ తలుపు, అదే గన్నేరు చెట్టు. మొన్న వరంగల్ నుంచి పిల్లను చూడనీకి అయిదుగురు వచ్చిన్రు. పోవాల్సింది అయిదో లైన్ల ఇంటికి. పోయింది ఆరో లైన్ల ఇంటికి." ఆపా ఇటువైపు నుంచి, "అదే నంబరా?" అంది. "అదే నంబర్, లైన్ వేరు. ఆ ఇంటాయన రైలు గార్డు. మస్తు మర్యాద మనిషి. మీరు ఎవరు అని అడిగితే ఏం బాగుంటది అని, రాండ్రి రాండ్రి అని కూసోబెట్టిండు." నేను మెడ ఎత్తి కప్ప ఈత ఈదుతున్నాను. నాకు ఆ ఈత సరిగ్గా రాదు కూడా. "మరి ఎవరనుకున్నడు వాళ్ళను?" అన్నాను, తెలియకుండానే. "ఆయన అనుకున్నడు భార్య దిక్కు చుట్టాలని. ఆమె అనుకున్నది మొగని దిక్కు చుట్టాలని. ఒకరినొకరు అడిగితే లొల్లి అయితదని ఇద్దరు సప్పుడు చేయలె. ఉప్మా చేసింది."

సగం చెరువు వచ్చిందని తెప్ప మీద నుంచి సార్ చెప్పాడు. చెప్పకపోయినా బాగుండేది. కింద ఎంత ఉందోనన్న ఆలోచన మళ్ళీ మొదలైంది. చిన్నమ్మ కూడా సరిగ్గా అక్కడే ఒక్క క్షణం ఆగింది. ఆ నిశ్శబ్దం నాకు నీళ్ళకంటే లోతుగా అనిపించింది. "ఆపకు చిన్నమ్మా, తర్వాత ఏమైంది" అన్నాను గాభరాగా. "చెప్త చెప్త" అని ఆమె మునుపటికంటే వేగంగా అందుకుంది. వెనక లైనులో అసలు పెళ్ళికూతురింట్లో ఆలుగడ్డ బజ్జీలు వేసి ఎదురుచూస్తున్నారు, ఇక్కడేమో ఉప్మా తిన్నారు, మంచినీళ్ళు తాగారు. ఆ ఇంటాయనకు ఒక కూతురు, టీచర్ ట్రైనింగ్ చేస్తోంది, చుట్టాలొచ్చారంటే చాయ్ తెచ్చింది. పెళ్ళికొడుకు తలెత్తి చూశాడు, మళ్ళీ దించలేదు. అక్కడ వెనక లైనులో చల్లారిపోయిన మిర్చీలు మూడోసారి వేయిస్తున్నారు. "ఇందాక ఆలుగడ్డ బజ్జీలంటివి" అంది ఆపా. "రెండు వేసిన్రు, నీకేం తక్లీఫ్" అంది చిన్నమ్మ. ఇంతలో నా కాలికి ఏదో తగిలింది. చేపో, తాబేలో, తీగో. మామూలుగా అయితే తాత మోకాలు ఎక్కడుందా అని వెతుక్కునేదాన్ని. కానీ సరిగ్గా అప్పుడే పెళ్ళికొడుకు తల్లి లేచి, మీ అమ్మాయి మాకు నచ్చింది, ముహూర్తాలు పెట్టుకుందామా అని గార్డును అడిగింది. నేను ఆ కాలిని ఒకసారి విదిలించి, చిన్నమ్మకు ఇంకాస్త దగ్గరగా జరిగాను.

వాళ్ళు చుట్టాలు కాదని గార్డుకు అప్పుడు తెలిసింది, కానీ ఉప్మా పెట్టాక పొండి అనడం మర్యాద కాదు. అవతల వాళ్ళకు కూడా ఇల్లు తప్పామని తెలిసింది, కానీ పిల్లవాడు కదలడం లేదు. గార్డు కూతురి వైపు తిరిగి, "నువ్వే చెప్పు బిడ్డా, ఏమంటవ్" అన్నాడు. పిల్ల ట్రే కింద పెట్టింది, పైట సర్దుకుంది, పెళ్ళికొడుకు కళ్ళలోకి సూటిగా చూసింది, నోరు తెరిచింది. నా మోకాలికి బురద తగిలింది. ఆ తర్వాత తుమ్మచెట్టు నీడ ముఖం మీద పడింది. తెప్ప మీద సార్ విజిల్‌ను నోట్లోంచి తీసి, "అయిపోయింది. పాస్" అన్నాడు. ఆ మాట నా చెవిలో పడింది గానీ బుర్రకు ఎక్కలేదు. బురదలో నిలబడి చిన్నమ్మ చెయ్యి పట్టుకుని, "ఏమన్నది ఆ పిల్ల?" అని అడిగాను. చిన్నమ్మ రొప్పుతూ నన్ను చూసింది. "ఏమో బిడ్డా. ఇంకా అనుకోలె. గింత దాంట్లనే ఒడ్డు వచ్చె."

ఆపా పడీపడీ నవ్వింది. వరంగల్ వాళ్ళు లేరట, గార్డు లేడట, ఆరో లైనులో ఆ నంబరు ఇంట్లో నిజానికి ఉండేది చిన్నమ్మేనట. నేను కూడా నవ్వుదామని చిన్నమ్మ వైపు తిరిగాను, అప్పుడు చూశాను, నేను పట్టుకున్న ఆ చెయ్యి వణుకుతోంది. మోచేయి దాకా వణుకుతోంది. చలేస్తోందా అన్నాను. ఎండ మాడ్చేస్తుంటే ఆ ప్రశ్న నాకే నచ్చలేదు. "చలి కాదు. నాకు నీళ్ళంటే మస్తు భయం" అంది చిన్నమ్మ, దాహం వేస్తోంది అన్నంత మామూలుగా. "చిన్నప్పుడు మా అన్నలు బాయిల దొబ్బిన్రు, నేర్చుకుంటదని. నేర్చుకున్న. భయం సుత అప్పుడే నేర్చుకున్న. మోకాళ్ళకు మంచిదని డాక్టర్ చెప్పిండు కాబట్టి పూల్‌కు వస్త. నోరు ఆగిందంటే కింద ఏమున్నదో అని యాదికొస్తది. అందుకే ఆపను." పూల్‌లో కూడానా అని అడిగాను. "పూల్‌ల సుత. నాలుగేండ్ల సంది." ఆపా నా తలకున్న తీగముక్క తీసి పారేస్తూ, "అందరికీ అంతే బేటా. మన బ్యాచ్‌ల సప్పుడు చేయకుంట ఈదేది నువ్వు ఒక్కదానివే. ఈ పిల్లకు ఖుదా ఎంత ధైర్యం ఇచ్చిండని నిన్ను చూసి అనుకునేటోళ్ళం" అంది. నాలుగేళ్ళుగా ఎవరి ఈతను చూసి ముక్కు విరిచానో, వాళ్ళు ప్రతి రోజూ పదకొండింటికి భయంతోనే చేసిన పనిని నేను ఆ ఒక్క ఉదయం, అదీ ఇద్దరి మధ్యన ఇరుక్కుని చేశాను. సిగ్గేసింది, చాలా సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే తిరుగు ప్రయాణంలో నాలుగు సర్వపిండి ముక్కలు తిన్నాను.

సార్ సంతకం పెట్టాడు. నాన్న ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఫ్యాన్ ఉండదు కదా" అని ఒకసారి బాధపడి ఊరుకున్నారు. కోచింగ్ పుస్తకం అట్టతో సహా మా పెద్దనాన్న కొడుకుకు పోయింది. నేను ఆ ఎండాకాలం పిల్లలకు నేర్పడం మొదలుపెట్టి, ఇదిగో, ఇంకా నేర్పుతూనే ఉన్నాను. చెరువులో మళ్ళీ నాలుగైదుసార్లు ఈదాల్సి వచ్చింది. భయం పోలేదు. ఇప్పటికీ అడుగు కనపడని నీళ్ళు చూస్తే పాదాలు వాటంతట అవే ముడుచుకుంటాయి, కానీ దిగుతాను. చిన్నమ్మ భర్త రిటైరయ్యాక వాళ్ళు కాజీపేటలో ఇల్లు కట్టుకుని వెళ్ళిపోయారు. అక్కడ పూల్ లేదని, మోకాళ్ళు మళ్ళీ మొదటికొచ్చాయని ఫోనులో చెబుతుంటుంది. నెల కిందట మాటల్లో మాటగా అడిగాను, "చిన్నమ్మా, అప్పట్ల చెరువుల చెప్పినవు కదా, ఆ గార్డు బిడ్డ చివరికి ఏమన్నది?" ఇన్నేళ్ళలో నేను ఆ పిల్లతో సరేనని ఒకసారి, నాకు ఇష్టం లేదని ఒకసారి, ముందు ట్రైనింగ్ పూర్తి చేస్తానని చాలాసార్లు అనిపించి చూసుకున్నాను. ఏదీ కుదరలేదు.

"ఏ గార్డు?" అంది చిన్నమ్మ. మొత్తం చెప్పాను, వరంగల్, పచ్చ తలుపు, ఉప్మా. ఆమె శ్రద్ధగా వింది, బాగుందని మెచ్చుకుంది కూడా, ఎక్కడ విన్నావని అడిగింది. "నువ్వే చెప్పినవు చిన్నమ్మా." కాసేపు అటువైపు నుంచి మాట లేదు. ఆమె మాట ఆగితే నాకు ఇప్పటికీ భయమే. "అయితదేమో బిడ్డా, నోటికొచ్చింది వాగిన. అది యాదికి లేదు" అంది చివరికి. "నడిమిట్ల నాకు కాళ్ళు ఆడలె, ఇగ అయిపోయిన అనుకున్న. అప్పుడు నువ్వు, ఆపకు చిన్నమ్మా అన్నవు. అది ఒక్కటే యాదికున్నది." ఇంకా ఏవో మాట్లాడుకున్నాం, మోకాళ్ళ గురించి, మందుల గురించి. ఫోను పెట్టేశాక చాలాసేపు నాలో నేనే నవ్వుకుంటూ కూర్చున్నాను. కళ్ళెందుకలా ఉన్నాయని ఇంట్లో అడిగితే, పూల్‌లో క్లోరిన్ ఎక్కువేశారని చెప్పాను.